శుశ్రూషకు లెక్క వుంటుందా?

సేవ హృదయానికి సంబంధించినదనీ, లెక్కలకు సంబంధించినది కాదనీ మన దేశంలో ఒక గట్టి నమ్మకం వుంది. ముసలివాళ్ళను చూసుకునే ఆశ్రమాల విషయం వచ్చినప్పుడు ఈ నమ్మకం మరీ పెద్ద గొంతుతో మాట్లాడుతుంది. "ఇక్కడ ఎంతమంది నర్సులున్నారు?" అని అడిగితే, "ఎంతమంది అన్నది కాదండీ, ఎలాంటి మనసున్నవాళ్ళు అన్నది ముఖ్యం" అనే సమాధానం వస్తుంది. అడిగినవాడు చిన్నబోతాడు. గుడిలో బేరమాడినవాడిలా తనకు తానే కనిపిస్తాడు.

ఈ సమాధానాన్ని పరీక్షించటం ఈ వ్యాసం వుద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను. మంచాన పడ్డ మనిషి విషయంలో ఎంతమంది చేతులు వున్నాయనేది నీతికి సంబంధించిన ప్రశ్నే. దాన్ని పరిపాలనకు సంబంధించిన చిన్న విషయంగా తోసిపుచ్చటం వల్ల దయ పెరగదు. దయ పేరుతో నిర్లక్ష్యానికి చోటు దొరుకుతుంది.

ఈ ప్రశ్న మన ప్రాంతానికి ఎందుకు ముఖ్యమో మొదట చూద్దాం. 2021 నాటికి దేశ జనాభాలో 60 యేళ్ళు దాటినవాళ్ళు నూటికి 10 మంది అయితే ఆంధ్రప్రదేశ్‌లో 12 మందికి పైగా వుంటారని జనాభా అంచనాలు చెప్పాయి. అంటే మనది దేశంకంటే ముందుగా ముసలిదవుతున్న రాష్ట్రం. చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో దీనికి మరి రెండు కారణాలు తోడయినాయి. ఒకటి వలస. చదువుకున్న పిల్లలు బెంగుళూరుకూ, చెన్నైకూ, అక్కణ్ణుంచి పై దేశాలకూ పోతారు. చదువులేని ఆడవాళ్ళు పడమటి మండలాల నుంచీ, పక్కనున్న రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచీ కువైట్‌కు ఇంటిపనికి పోతారు. రెండో కారణం తిరుపతి యాత్రాస్థలం కావటం. కొండకు వచ్చిన జనంలో తిరిగి ఇల్లు చేరనివాళ్ళు కొందరుంటారు. తల్లినో తండ్రినో రైల్వేస్టేషను దగ్గర కూర్చోబెట్టి "ఇప్పుడే వస్తాం" అని వెళ్ళిపోయినవాళ్ళ కథలు ఈ వూళ్ళో ఎవరినడిగినా చెబుతారు.

అందుకని ఆశ్రమాలు వెలిశాయి. కొన్ని ధర్మసంస్థలు నడిపేవి, కొన్ని ప్రభుత్వ సహాయంతో నడిచేవి, కొన్ని నెలకింత అని డబ్బు తీసుకునేవి. వీటి గురించి పాఠకులు ఒక విషయం గమనించాలి. ఆశ్రమంలో చేరేనాటికి తన కాళ్ళమీద తాను నడిచి వచ్చిన మనిషి అయిదారేళ్ళకు నడవలేకపోతాడు. ఒకరికి పక్షవాతం వస్తుంది, ఒకరికి తుంటి విరుగుతుంది, ఒకరికి కన్నకొడుకు పేరు కూడా మరుపుకు వస్తుంది. ఇంట్లో అన్నం పెట్టేవాళ్ళు లేరని చేర్చుకున్న చోటు క్రమంగా దీర్ఘరోగుల వార్డుగా మారిపోతుంది. గేటు మీది బోర్డు మాత్రం మారదు. ఆస్పత్రి కాదు గనక ఆస్పత్రికి వుండే నియమాలు దానికి వర్తించవు. ఇల్లు కాదు గనక ఇంట్లో వుండే బంధుత్వపు ఒత్తిడీ వుండదు. మధ్యలో వున్న ఈ ఖాళీలో మనిషి పడుకుని వున్నాడు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఇది ఏ ఒక్క ఆశ్రమం లెక్కా కాదు. ఎక్కడయినా వేసుకోదగిన లెక్క. 30 మంది వున్న ఆశ్రమంలో 10 మంది మంచం దిగలేనివాళ్ళు అనుకుందాం. రాత్రి 8 గంటల నుంచి పొద్దున 6 గంటల దాకా 10 గంటలు, అంటే 600 నిమిషాలు. కదలలేని మనిషిని రెండు గంటలకొకసారి పక్క మార్చకపోతే వీపుకూ పిరుదులకూ మడమలకూ పుళ్ళు పడతాయి. ఇది నర్సింగులో మొదటి పాఠం. పదిమందిని అయిదేసి సార్లు మార్చాలంటే 50 సార్లు. సారికి 6 నిమిషాలు వేసుకున్నా 300 నిమిషాలు. తడిసిన బట్టలూ దుప్పట్లూ రాత్రికి రెండుసార్లు మార్చి, ఒళ్ళు తుడిచి, ఆరబెట్టాలంటే మనిషికి సారికి 10 నిమిషాల చొప్పున 200 నిమిషాలు. మిగిలింది 100 నిమిషాలు. అందులో తక్కిన 20 మంది వున్నారు. మనిషికి 5 నిమిషాలు. మాత్ర వెయ్యటం, మరుగుదొడ్డికి చెయ్యి పట్టుకుని తీసుకుపోవటం, మంచినీళ్ళివ్వటం, నిద్రలో వులిక్కిపడి లేచినవాళ్ళకు ధైర్యం చెప్పటం, అన్నీ ఆ 5 నిమిషాల్లోనే. రాత్రి డ్యూటీలో వున్న మనిషి ఒక్కతే అయితే, ఆమె కూర్చోకూడదు, నీళ్ళు తాగకూడదు, తాను మరుగుదొడ్డికి పోకూడదు. ఎవరికీ ఆయాసం రాకూడదు. ఎవరూ కింద పడకూడదు. ఎవరూ ఆ రాత్రి చనిపోకూడదు.

ఇంకా ఒక మాట వుంది. బరువైన మనిషిని చర్మం ఒరుసుకోకుండా పక్క మార్చాలంటే ఇద్దరు కావాలి. అప్పుడు ఆ 300 నిమిషాలు 600 అవుతాయి. అంటే పక్క మార్చటానికి పట్టే శ్రమే ఒక మనిషి రాత్రి మొత్తాన్ని మింగేస్తుంది. రెండో మనిషి లేకపోతే ఆ పని సరిగా జరగనే జరగదు. ఎంత గొప్ప మనసయినా 600 నిమిషాలను 601 చెయ్యలేదు.

నేను చూసిన ఆశ్రమాల్లో ఒకదానిలో రాత్రిపూట వున్నది ఒక్క ఆయా. ఆమె నర్సింగు చదవలేదు. పదేళ్ళ అనుభవమే ఆమె చదువు. నేను మాస్టరునని తెలిసి కాస్త ధైర్యంగానే మాట్లాడింది. "యేం చేసేది సార్? ఒకవ్వకి తిప్పతా వుంటే ఇంకో అవ్వ పిలుస్తుంది. వస్తాండా అంటాను. పోయేటప్పటికి పక్కంతా తడిసిపోయుంటుంది. ఆయవ్వ నన్నేమీ అనదు సార్. మొకం అట్లా తిప్పుకుంటుంది. తిట్టినా బాగుండు." అన్నది. మరి మీ వాళ్ళతో చెప్పలేదా అంటే, "చెప్తే నీకు వోపిక లేదంటారు" అన్నది.

ఈ చివరి మాట దగ్గర మనం ఆగాలి. పని ఎక్కువయిందని ఆమె అంటే, ఆమె గుణం తక్కువయిందని యాజమాన్యం అన్నది. సంఖ్యకు సంబంధించిన ప్రశ్న శీలానికి సంబంధించిన ప్రశ్నగా మారిపోయింది. ఇది ఒక్క చోట జరిగే మార్పు కాదు. సేవను గురించి మనం మాట్లాడే పద్ధతిలోనే ఈ మార్పుకు అవకాశం వుంది. సేవ అంటే మనసు అయినప్పుడు, సేవలో ప్రతి లోపమూ మనసులోని లోపమే అవుతుంది. ఒక ముసలావిడ వీపుమీద పుండు పడితే దానికి బాధ్యురాలు ఆ రాత్రి డ్యూటీలో వున్న మనిషి అవుతుంది. రెండో మనిషిని పెట్టనివాడు ఆ గదిలో వుండడు గనక అతడు ఎవరికీ కనపడడు.

చెయ్యమని చెప్పే ముందు చెయ్యటం సాధ్యమేనా అని చూడాలనేది నీతిశాస్త్రంలో కాంట్ పేరుతో ప్రసిద్ధమైన సూత్రం. సాధ్యం కాని పనిని ధర్మంగా విధించినవాడు ధర్మం చెప్పినట్టు కాదు, నేరం తయారుచేసినట్టు. ఎంగెల్స్ 1845లో ఇంగ్లండు శ్రామికుల స్థితిగతుల మీద రాసిన గ్రంథంలో 'సామాజిక హత్య' అనే భావాన్ని వివరించాడు. మనుషులు బతకలేని పరిస్థితుల్లో వాళ్ళను తెలిసి తెలిసీ వుంచినప్పుడు జరిగేదీ హత్యేననీ, హంతకుడు ఫలానా అని కనపడకపోవటమే తేడా అనీ అతని వాదం. హత్య అనే మాట మన సందర్భానికి పెద్దదిగా తోస్తే వదిలెయ్యండి. వాదంలోని పద్ధతి మాత్రం వదలకూడదు. చేసిన పనికి బాధ్యత వున్నట్టే, ఏర్పాటు చెయ్యకపోవటానికీ బాధ్యత వుంది.

పని చేతులకు మించినప్పుడు మొదట ఏది జారిపోతుంది? మాత్ర జారిపోదు, రిజిస్టరులో రాయాలి గనక. అన్నం జారిపోదు, పెట్టకపోతే తెలిసిపోతుంది గనక. అయితే పదిహేను నిమిషాలు పట్టవలసిన అన్నం అయిదు నిమిషాల్లో అయిపోతుంది. అన్నిటికంటే ముందు జారిపోయేది మాట. పిలిస్తే పలకటం, చెప్పింది వినటం. దానికి రిజిస్టరు లేదు.

తెలుగు చెప్పుకునేవాణ్ణి గనక ఇక్కడ ఒక మాట పుట్టుక గుర్తు చెయ్యాలనిపిస్తుంది. రోగిని కనిపెట్టుకుని వుండటాన్ని మనం శుశ్రూష అంటున్నాం. ఈ సంస్కృత పదానికి వ్యుత్పత్తి ప్రకారం అర్థం 'వినాలనే కోరిక'. గురువు చెప్పేది వినాలనే కోరిక నుంచి గురుసేవగా, అక్కణ్ణుంచి రోగిసేవగా ఆ మాట అర్థం సాగింది. పరిచర్యకు మన పూర్వులు వాడిన పదం గర్భంలో వినటం వుందన్నమాట. మంచం మీది మనిషి చెప్పేది వినాలనే కోరిక ఆ ఆయాకు లేదని ఎవరనగలరు? కోరిక వుంది. వినే సమయం లేదు. శుశ్రూషలో మొదట చచ్చిపోతున్నది శుశ్రూషే.

చరకుడు వైద్యానికి నాలుగు పాదాలు చెప్పాడు. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. పరిచారకుడికి నాలుగు గుణాలుండాలన్నాడు. ఉపచారం తెలిసివుండటం, నేర్పు, అనురాగం, శుచి. రెండువేల యేళ్ళనాటి వైద్యగ్రంథం పరిచారకుణ్ణి వైద్యుడితో సమానంగా ఒక పాదంగా నిలబెట్టటం గొప్ప విషయం. అనురాగంకంటే ముందు పని తెలిసివుండటాన్ని చెప్పటం కూడా గమనించదగ్గది. అయితే ఆ గుణాల పట్టికలో సంఖ్య లేదు. ఆ వర్ణన చదివితే కళ్ళముందు నిలిచేది ఒక రోగి, అతని పక్కన అతని మనిషి. ఒక పరిచారకుడు 30 మంచాల మధ్య నిలబడే రోజు ఆ చిత్రంలో లేదు. పాదం గుణం కలదయినా ఒకే పాదం మీద 30 మందిని నిలబెట్టటం కుదరదు.

సంఖ్య అడగటం పాశ్చాత్యుల అలవాటనీ మన సంస్కృతికి సరిపడదనీ అనేవాళ్ళు కంచికి దగ్గరలో వున్న తిరుముక్కూడల్ శాసనాన్ని చూడాలి. 11వ శతాబ్దంలో వీరరాజేంద్ర చోళుని కాలంలో వేయించిన ఆ శాసనం అక్కడి గుడికి చేర్చిన ఆస్పత్రిని గురించి చెబుతుంది. 15 పడకలు. ఒక వైద్యుడు, ఒక శస్త్రవైద్యుడు, మందులు సమకూర్చటానికి ఇద్దరు మనుషులు, రోగులను చూసుకోవటానికి ఇద్దరు పరిచారికలు, వీళ్ళకు కొలిచి ఇచ్చే ధాన్యం, అన్నీ రాతి మీద చెక్కి వున్నాయి. 15 పడకలకు ఇద్దరు అని వెయ్యేళ్ళ కిందట రాతి మీద చెక్కినవాళ్ళకు భక్తి తక్కువయిందని ఎవరూ అనుకోరు. దానం చేసినవాడు పోయినా, ధర్మకర్త మారినా, ఆ ఇద్దరు వుండి తీరాలని వాళ్ళు రాయించారు. మనసును రాతిమీద చెక్కలేం. సంఖ్యను చెక్కగలం.

నైటింగేల్ విషయంలోనూ ఇదే జరిగింది. నర్సుల దినం నాడు మన ఆస్పత్రుల్లో ఆమె పటం పెట్టి దీపాలు వెలిగిస్తారు. క్రిమియా యుద్ధంలో రాత్రిళ్ళు దీపం పట్టుకు తిరిగిన దయామూర్తిగా అందరికీ ఆమె తెలుసు. ఆమె సైనికుల చావులను కారణాలవారీగా లెక్కగట్టి, పటాలు గీసి, ప్రభుత్వాన్ని నిలదీసిన మనిషి అనీ, లండన్ గణాంక సంఘంలో సభ్యత్వం పొందిన తొలి మహిళ అనీ తెలిసినవాళ్ళు తక్కువ. దీపాన్ని మనం వుంచుకున్నాం. లెక్కల పుస్తకాన్ని అటక మీద పెట్టేశాం.

మన చట్టం ఏం చెబుతున్నదో చూద్దాం. 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టం చేసింది. ప్రతి జిల్లాలో కనీసం ఒక వృద్ధాశ్రమం, దానిలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు వుండేలా రాష్ట్ర ప్రభుత్వాలు స్థాపించవచ్చునని 19వ సెక్షన్ చెబుతుంది. 'స్థాపించాలి' అనలేదు, 'స్థాపించవచ్చు' అన్నది. 2022లో చిత్తూరు జిల్లా విడిపోయి తిరుపతి వేరే జిల్లా అయింది. కలెక్టరు కార్యాలయాలు పెరిగినంత తేలికగా ఈ ఆశ్రమాలు పెరగవు. అది అలా వుంచి చట్టం భాషను గమనించండి. 150 మంది వృద్ధులు అని తలలు లెక్కపెట్టింది. వాళ్ళను చూసే చేతులు ఎన్నో ఆ సెక్షన్‌లో లెక్కపెట్టలేదు. నియమాలు చేసే పని రాష్ట్రాలకు వదిలింది. 2019లో ఆ చట్టాన్ని సవరించటానికి లోక్‌సభలో ఒక బిల్లు పెట్టారు. ఆశ్రమాలను రిజిస్టరు చెయ్యాలనీ, వాటికి కనీస ప్రమాణాలుండాలనీ అందులో వున్నది. ఆ బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది.

దేశంలో నర్సుల కొరత కొత్త విషయం కాదు. 1946లో భోర్ కమిటీ తన నివేదిక ఇచ్చేనాటికి 43,000 మంది జనానికి ఒక నర్సు వుండేది. 500 మందికి ఒకరు వుండేలా చెయ్యటం లక్ష్యంగా పెట్టుకోవాలని ఆ కమిటీ అన్నది. తర్వాత ఆస్పత్రి వార్డులకు ఇంతమంది రోగులకు ఇంతమంది నర్సులు అనే ప్రమాణాలు వచ్చాయి. ప్రభుత్వ సిబ్బంది తనిఖీ విభాగం సాధారణ వార్డుకు 6 పడకలకు ఒక నర్సు అన్నది. అవి ఎంతవరకు అమలవుతాయనేది వేరే సంగతి. ఆస్పత్రి వార్డుకు వుల్లంఘించటానికయినా ఒక ప్రమాణం వుంది. వృద్ధాశ్రమానికి అదీ లేదు.

సంఖ్యకూ రోగి బతుకుకూ సంబంధం వుందని చెప్పటానికి సాక్ష్యం కావలసినంత వుంది. అమెరికాలో లిండా ఐకెన్, ఆమె సహచరులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో శస్త్రచికిత్స వార్డుల్లో నర్సుకు ఒక్కొక్క రోగి పెరిగినకొద్దీ, నెలలోపు మరణించే అవకాశం నూటికి 7 వంతున పెరుగుతున్నట్టు తేలింది. అక్కడి వృద్ధుల ఆలయాల గురించి 2001లో ప్రభుత్వం కోసం చేసిన అధ్యయనం మనిషికి రోజుకు 4.1 గంటల పరిచర్య వుండాలన్నది. 2024లో అమెరికా ప్రభుత్వం 3.48 గంటలు కనీసమని నియమం చేసింది. యాజమాన్యాలు కోర్టుకెక్కాయి. 2025 ఏప్రిల్‌లో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు ఆ నియమాన్ని కొట్టేసింది. అదే యేడు జూలైలో అక్కడి చట్టసభ దాని అమలును 2034 దాకా ఆపింది. ధనానికి కొరత లేని దేశంలో జరిగిన కథ ఇది. కనక మన దగ్గర డబ్బు లేకపోవటం వల్లనే సంఖ్య లేదనే వాదాన్ని కాస్త జాగ్రత్తగా వినాలి. ఆస్ట్రేలియాలో రాయల్ కమిషన్ విచారణ తర్వాత 2023 జూలై నుంచి ప్రతి ఆశ్రమంలో రాత్రింబగళ్ళు ఒక రిజిస్టరయిన నర్సు వుండాలన్నారు. 2024 అక్టోబరు నుంచి మనిషికి సగటున రోజుకు 215 నిమిషాలు, అందులో 44 నిమిషాలు నర్సు చేతి పరిచర్య, అని నిర్ణయించారు.

ఈ కొలతతో మన 30 మంది ఆశ్రమాన్ని చూడండి. 215 నిమిషాల చొప్పున రోజుకు 107 గంటల పైచిలుకు పని. ఎనిమిది గంటల డ్యూటీలయితే 13 దాటుతాయి. నేను చూసిన చోట 30 మందికి రోజు మొత్తంలో నలుగురు, వంటమనిషితో కలిపి. మనిషికి గంటా నాలుగు నిమిషాలు, అందులోనే వంట. ఆస్ట్రేలియా ప్రమాణం రేపే మనకు రావాలని నేననటం లేదు. దూరం ఎంతో తెలియనివాడు ప్రయాణం మొదలుపెట్టలేడని అంటున్నాను.

ఇక ఆక్షేపణలు. మొదటిది మన జిల్లా చరిత్రలో నుంచే వస్తుంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్రైస్తవ మిషన్లు కలిసి కట్టిన క్షయ శానిటోరియం 1915లో తెరిచారు. డెన్మార్క్ దేశస్థుడు డాక్టర్ ఫ్రీమట్ మోలర్ దానికి మొదటి సూపరింటెండెంట్. క్షయకు మందు లేని ఆ రోజుల్లో నెలల తరబడి విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన తిండి, పరిచర్య ఇవే వైద్యం. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలయింది. 193 మంది పేద రోగుల్లో కొందరిని శానిటోరియంలో వుంచి, కొందరికి ఇళ్ళ దగ్గరే మందులిచ్చి పోల్చారు. ఇరుకు ఇళ్ళలో, చాలని తిండితో వున్నవాళ్ళు కూడా దాదాపు శానిటోరియం రోగులంత బాగానూ కోలుకున్నారని 1959లో ప్రకటించారు. దీన్ని చూపించి, పరిచర్యకు అంత విలువ లేదని తేలిపోయింది గదా అనవచ్చు.

ఆ పరిశోధన గొప్పది. కోట్లమంది పేదలకు వైద్యం అందుబాటులోకి రావటానికి అది దారి చూపింది. కాని అది రుజువు చేసింది ఏమిటి? జబ్బును చంపే మందు వచ్చిన చోట మంచం అవసరం తగ్గుతుందని. అప్పుడయినా ఇళ్ళకు మనుషులు వెళ్ళి, రోగులు మందు వేసుకుంటున్నారో లేదో కనుక్కుంటూ వచ్చారు. ముసలితనానికి అలాంటి మందు లేదు. పక్షవాతంతో పడివున్న మనిషికి పక్క మార్చటమే మందు. మతిమరుపు వచ్చిన మనిషికి తెలిసిన గొంతుతో పలకరించటమే మందు. ఇక్కడ పరిచర్య వైద్యానికి తోడు కాదు, వైద్యమంతా అదే. క్షయరోగికి మాత్రలు సగం ఇచ్చి తక్కినది డాక్టరు దయతో సర్దుకొమ్మంటే దాన్ని మోసమంటాం. ముసలివాళ్ళకు చేతులు సగం ఇచ్చి తక్కినది ఆయా దయతో సర్దుకొమ్మనటం కూడా అదే మోసం.

రెండో ఆక్షేపణ: మనుషులను పెంచినంత మాత్రాన దయ పెరుగుతుందా? పెరగదు. పదిమంది కూర్చుని కబుర్లు చెప్పుకునే వార్డులు లేకపోలేదు. సంఖ్య వున్న చోటల్లా మంచి పరిచర్య వుంటుందని నేనటం లేదు. సంఖ్య లేని చోట అది వుండటానికి వీల్లేదంటున్నాను. నీళ్ళున్నంత మాత్రాన పంట పండదు. అయితే నీళ్ళు లేకుండా పండించమని రైతుకు వుపదేశించేవాణ్ణి రాయలసీమలో ఎవరూ జ్ఞాని అనరు.

మూడోది నిజంగా బరువైన ఆక్షేపణ. ప్రమాణం పెడితే చిన్న ఆశ్రమాలు మూతపడతాయి, అందులోవాళ్ళు మళ్ళీ రైల్వేస్టేషను పాలవుతారు. కొద్దిపాటి పరిచర్య అసలు లేకపోవటంకంటే మేలు గదా? నెలాఖరుకు బియ్యం ఎక్కణ్ణుంచి తేవాలా అని తిప్పలు పడుతూ ఆశ్రమం నడిపే మంచివాళ్ళు మన మధ్య వున్నారు. వాళ్ళ నోట వచ్చినప్పుడు ఈ మాటను తోసిపుచ్చటం అన్యాయం. అయితే ఈ వాదాన్ని కడదాకా సాగదీసి చూడండి. ఏదీ లేనిదానికంటే ఏదో ఒకటి మేలంటూ పోతే, ఎంత తక్కువయినా చాలుననే దగ్గర తేలతాం. ప్రమాణం పెట్టటం వల్ల వచ్చే ఖర్చును దాతమీదా ఆయామీదా వెయ్యాలనుకున్నప్పుడే ఆశ్రమం మూతపడుతుంది. ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలి. ప్రమాణమంటే ఆశ్రమాన్ని శిక్షించే కొరడా అని మాత్రమే అనుకోకూడదు. ఇంతమందికి ఇంతమంది కావాలని రాసి వుంటేనే, ఆ తక్కువయిన మనుషులను ఇవ్వమని సర్కారును అడిగే హక్కు ఆశ్రమానికి వస్తుంది. లెక్క లేకపోతే కొరత అనేది కూడా లేదు.

నాలుగోది: ఇదంతా పిల్లల బాధ్యత, ఆశ్రమాలను బాగుచేస్తే పిల్లలు తప్పించుకుంటారు. ఈ మాట అనేవాళ్ళు ఇంట్లో ఈ పని ఎవరు చేశారో చెప్పరు. కొడుకు బాధ్యత అని పేరు. చేసింది కోడలు, కూతురు, విధవ అయిన మేనత్త. కూలి లేని ఆ శ్రమను కుటుంబధర్మం అన్నాం. ఇప్పుడు అదే పని ఆశ్రమానికి వచ్చింది. పేరు సేవగా మారింది. చేసేవాళ్ళు ఎక్కువగా పేద ఆడవాళ్ళు, అందులోనూ మలమూత్రాలెత్తే పని ఏ కులాలకు వదిలేశామో ఆ కులాలవాళ్ళు. ప్రయివేటు ఆస్పత్రుల నర్సుల జీతాల మీద 2016లో సుప్రీంకోర్టు చెప్పగా కేంద్రం వేసిన కమిటీ, 50 పడకలకు తక్కువున్న ఆస్పత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలు తగ్గకూడదన్నది. ఆశ్రమంలో ఆయా ఆ లెక్కలోకి రాదు. ఆమె చేసేది సేవ గదా! కువైట్‌లో ఇంకొకరి తల్లిని కూర్చోబెట్టి అన్నం తినిపిస్తే అది ఉద్యోగం. ఇక్కడ మన తల్లికి తినిపిస్తే అది పుణ్యం. పుణ్యంతో పిల్లల బడి ఫీజు కట్టలేక ఆమె కువైట్‌కు పోతుంది. ఆమె తల్లి ఇక్కడ ఒంటరిదవుతుంది.

తిరుపతిలో వుంటూ లెక్కకు భక్తి అడ్డమనటం నాకు వింతగా తోస్తుంది. కొండమీద హుండీ కానుకలు లెక్కపెట్టటాన్ని పరకామణి సేవ అంటారు. లెక్కపెట్టటమే సేవ అయిన వూరు ఇది. 1985లో మొదలయిన నిత్యాన్నదానంలో ఎంతమందికి ఎంత బియ్యం కావాలో లెక్క వెయ్యకుండా పొయ్యి వెలిగించరు. దేవుడి డబ్బుకూ భక్తుల అన్నానికీ అక్కరకు వచ్చిన లెక్క ముసలివాళ్ళ రాత్రికి మాత్రం అపచారమెందుకయింది?

మా కాలేజీ పిల్లలు పుట్టినరోజులకు ఆశ్రమాలకు వెళ్ళి అరటిపళ్ళు పంచి, భోజనం పెట్టించి వస్తారు. మంచిదే. ఆ రోజు వడ్డించిన భోజనానికి దాత పేరు పలకమీద రాస్తారు. రాత్రి రెండు గంటలకు పక్క మార్చే రెండో మనిషి జీతానికి దాతలు లేరు. ఆ పలకమీద రాయటానికి అది అందంగా వుండదు. దాతల మీద ఆధారపడితే అది ఎప్పటికీ రాదు కూడా. అది హక్కుగా రావలసిందే. నర్సుల సంఘాలూ, ఆయాల సంఘాలూ, వృద్ధుల సంఘాలూ కలిసి అడగవలసింది అది. పని చేసేవాళ్ళ కోరికా, మంచం మీదివాళ్ళ కోరికా ఒకటే కావటం చాలా అరుదుగా జరుగుతుంది. ఇక్కడ జరిగింది.

కనక విద్యార్థులకూ తోటి ఉపాధ్యాయులకూ నాది ఒక చిన్న సూచన. ఈసారి ఏ ఆశ్రమానికయినా వెళ్ళినప్పుడు పళ్ళతోపాటు మూడు ప్రశ్నలు తీసుకువెళ్ళండి. ఇక్కడ మంచం దిగలేనివాళ్ళు ఎంతమంది? రాత్రిపూట మేలుకుని వుండేవాళ్ళు ఎంతమంది? వాళ్ళలో నర్సింగు చదివినవాళ్ళు ఎంతమంది? వచ్చిన సమాధానాలు రాసుకోండి. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఇలాంటి వంద జవాబులు చేరితే, కలెక్టరు ముందు పెట్టటానికి మన దగ్గర దయకంటే గట్టిది ఒకటి వుంటుంది.